జ్వరం కాగితాల మీద రాసిన నవల

మొన్న జ్వరం తగిలి, చిత్తూరులో మా వీధి మొదట్లో ఉన్న డాక్టరు దగ్గరికి వెళ్ళాను. అక్కడి నర్సమ్మాయి స్పిరిట్లో ముంచిన థర్మామీటరును సరిగా తుడవకుండానే నా నాలుక కింద పెట్టింది. ఆ గాజు చల్లదనం, దానితో పాటు వచ్చిన ఆ చేదు నోట్లో పడగానే నేను ఆ గదిలో లేను. క్షయ ఆసుపత్రి వరండాలో ఇనుప మంచం మీద వెల్లకిలా పడుకుని, పెదవులు బిగించి, పక్క మంచం వైపు చూస్తున్నాను. అక్కడ అలివేలక్క ఉంది. ఆమె నోట్లోనూ థర్మామీటరు ఉంది. ఎన్నాళ్ళ నుంచి జ్వరమమ్మా అని డాక్టరు రెండుసార్లు అడిగాడట. నాకు వినపడలేదు.

అలివేలక్క పేరు మీరెవరూ విని ఉండరు. ఆమె ఒక నవల రాసింది. నెలరోజుల్లో రాసింది. దాన్ని మొదటి నుంచి చివరి దాకా చదివినవాళ్ళు ఎవరూ లేరు. చివరి భాగం తప్ప మిగిలినదంతా చదివినదాన్ని నేనొక్కతెనే. ఇవాళ నన్ను రచయిత్రి అని నలుగురు పిలుస్తున్నారంటే, ఆ రోజుల్లో ఆమె పక్క మంచం నాకు దొరకడం వల్లనే. ఈ మాట కృతజ్ఞతతో చెప్పాలనే అనుకుంటాను. కాని ఆమెను ఎప్పుడు తలచుకున్నా కృతజ్ఞత కంటే ముందు కోపమే వస్తుంది.

అవి రెండో ప్రపంచ యుద్ధం జరుగుతున్న రోజులు. నాకు పంతొమ్మిదేళ్ళు. మా నాయన చర్చి తరఫున చిత్తూరు పక్క పల్లెల్లో ఉపదేశిగా తిరిగేవాడు. నేను టీచరు ట్రైనింగులో ఉండగా దగ్గు పట్టుకుంది. దగ్గులో రక్తం కనిపించాక హాస్టలు నుంచి పంపేశారు. నాయన నన్ను తీసుకుని పాకాలలో బండి మారి, ఆసుపత్రిలో చేర్పించి, ప్రార్థన చేసి వెళ్ళిపోయాడు. ఆయన వీపు మలుపు తిరిగే దాకా చూసి, దుప్పటి మీదికి లాక్కుని ఏడుపు మొదలుపెట్టాను. పక్క మంచం మీది నుంచి ఒక గొంతు వినిపించింది.

"మే, ఏడిస్తే దగ్గు వస్తాది. దగ్గితే జొరం వస్తాది. జొరమొస్తే ఆ కాగితంలో గీత పైకి పోతాది. గీత పైకి పోతే నిన్ను ఇంటికి పంపరు. కాబట్టి ఊరికే పడుకో."

ఓదార్పు కాదు అది, లెక్క అప్పజెప్పినట్టుగా ఉంది. దుప్పటి తీసి చూశాను. ముప్పై ఏళ్ళుంటాయేమో, చెంపలు లోపలికి పోయిన మనిషి. కళ్ళు మాత్రం పెద్దవి, ఎదుటివాళ్ళ మీద నుంచి తొలగని కళ్ళు. పేరడిగింది. ఎస్తేరు అన్నాను. "మాది తిరపతి. మా ఇంటికొస్తే నిన్ను వాకిలి కాడనే నిలబెడతారు. ఈడ ఆ బాధ లేదులే, ఇద్దరిదీ ఒకే జబ్బు" అంది.

ఆమెది కొండకు వచ్చే యాత్రికులకు గదులు అద్దెకిచ్చే ఇల్లు. చిన్నప్పటి నుంచి ఎక్కడెక్కడి మనుషులో ఆ వసారాలో పడుకుని లేచి పోవడం చూసింది. ఎనిమిదో తరగతి దాకా చదివింది. పుత్తూరులో ఇచ్చి పెళ్ళి చేశారు. దగ్గు మొదలైన నెలలోనే మొగుడు పుట్టింటికి పంపించాడు. ఏడాది తిరక్కుండా ఇంకో పెళ్ళి చేసుకున్నాడు. ఈ సంగతి ఆమె నాకు చెప్పిన తీరు కూడా, ఎవరో ఎదురింటివాళ్ళ సంగతి చెప్పినట్టే ఉంది.

వాళ్ళ నాయన పోయాక ఆ ఇల్లు మూసి, పాత్రల కొట్టు పెట్టిన అన్న మునిరత్నం ఆమెను ఆసుపత్రిలో చేర్చాడు. ఆయన గురించి న్యాయంగా చెప్పాలి. ఆ వార్డులో సగం మందిని చూడటానికి ఎవరూ వచ్చేవాళ్ళు కారు. మునిరత్నం ప్రతి నెలా వచ్చేవాడు. మురుకులు, పండ్లు తెచ్చేవాడు. కాని వరండా మెట్లు ఎక్కేవాడు కాదు. కింద నిలబడి, కండువా ముక్కుకు అడ్డం పెట్టుకుని, అక్కడి నుంచే గట్టిగా మాట్లాడేవాడు. వార్డంతటికీ వాళ్ళ ఇంటి సంగతులు వినిపించేవి. సంచి మెట్టు మీద పెట్టి వెనక్కి జరిగితే నర్సు తీసుకొచ్చి ఇచ్చేది. "మా అన్న మంచోడు మే. ఇద్దరు పసిబిడ్డలుండారు. భయముండదా" అనేది అలివేలక్క. అప్పుడు నాకూ అది న్యాయంగానే తోచింది.

నేను చేరిన కొన్ని నెలలకు డాక్టరమ్మ ఆమె మంచం దగ్గర ఆగి, ఎక్స్-రే వెలుతురుకు ఎత్తి పట్టుకుని చాలాసేపు చూసింది. "పై నెలలో మద్రాసు నుంచి సర్జన్ వస్తారు. నీ పక్కటెముకలు కొన్ని తీసేస్తాం. అప్పుడు ఆ ఊపిరితిత్తి ముడుచుకుని పుండు మానుతుంది" అంది.

"బతికేదుండాదా?" అని అడిగింది అలివేలక్క.

"చాలామంది బతుకుతున్నారు."

"అంటే కొందరు బతకడంలేదు."

డాక్టరమ్మ అబద్ధం చెప్పే మనిషి కాదు. తల ఊపింది. అలివేలక్క, "అయితే నాకు నెలుండాది. ఈ నెలలో నేనొక నవల రాస్తా" అంది.

వరండాలో ఎవరో నవ్వారు. ఆపరేషను అనగానే అక్కడి రోగుల్లో కొందరు కొండకు మొక్కుకునేవాళ్ళు, మా క్రైస్తవులు ఉపవాస ప్రార్థనలు చెప్పుకునేవాళ్ళు. నవల రాస్తానన్న రోగిని డాక్టరమ్మ కూడా చూసి ఉండదు. "నీకు చెంబెత్తడమే ఎక్కువ. రాయడం ఎంత శ్రమో తెలుసా?" అంది.

"జొరం పెరిగితే నిలిపేస్తా. పెరగకపోతే మీరు అడగకూడదు."

డాక్టరమ్మ ఒప్పుకోలేదు, వద్దనీ అనలేదు. చార్టు చూసి ముందుకు వెళ్ళిపోయింది.

అలివేలక్క ఎన్నేళ్ళుగానో కథలు అల్లుకుంటున్నదని ఆ రోజే నాకు తెలిసింది. పెళ్ళికి ముందు ఇంటిపని, పెళ్ళయ్యాక అత్తింటి పని, తర్వాత జబ్బు. ఎప్పుడో తీరిక దొరుకుతుందని ఎదురుచూసింది. తీరిక దొరకగానే, అది నెలరోజులేనని కూడా తెలిసింది. కాని రాయడానికి కాగితం లేదు. యుద్ధం వల్ల కాగితానికి కరువు. అన్నను అడిగితే, "బడిపిల్లోళ్ళకే పుస్తకాలు దొరకడంలేదమ్మా. ఏదన్నా దేవుని పుస్తకం తెస్తా, సదువుకో" అన్నాడు. చివరికి దయామణి సిస్టర్ కనికరించి, గదిలో మూలపడి ఉన్న పాత టెంపరేచర్ చార్టుల కట్ట తెచ్చి ఇచ్చింది. ఒకవైపు ఎవరెవరివో పేర్లు, వాళ్ళ జ్వరం గీతలు. రెండోవైపు తెలుపు. ఆ పేర్లలో కొందరు బాగై ఇంటికి పోయినవాళ్ళు, కొందరు పోయినవాళ్ళే. అలివేలక్క ఆ పేరొకసారి చదివి, కాగితం తిప్పి, అట్ట మీద పెట్టుకుని పడుకునే రాసేది.

పొద్దున పాలు తాగాక మొదలుపెట్టేది. మధ్యాహ్నం మాట్లాడకుండా పడుకునే వేళ కాగితాలు దిండు కింద పెట్టి కళ్ళు మూసుకునేది గాని, పెదవులు కదులుతూనే ఉండేవి. సాయంత్రం ఆ రోజు రాసినవి నాకిచ్చేది. నేను చదువుతుంటే నా ముఖం చూసేది. బాగుందా అని ఒక్కసారి కూడా అడగలేదు.

దూరపు ఊరి నుంచి మొగుడితో, అత్తతో కొండకు వచ్చిన ఒక ఆడమనిషి. గుడి బయట జనంలో వాళ్ళ చెయ్యి జారిపోయి తప్పిపోతుంది. వాళ్ళు పేరు పెట్టి పిలుస్తుంటే ఆమెకు వినిపిస్తూనే ఉంటుంది. ఆమె పలకదు. స్తంభం చాటున నిలబడి, వాళ్ళు వెతుక్కుంటూ అటు వెళ్ళిపోయే దాకా ఉండి, ఒక్కతే కొండ దిగి వస్తుంది. తిరుపతిలో యాత్రికులకు గదులిచ్చే ఒక ఇంట్లో వంటకు కుదురుతుంది. నవల మొదలు అది. మొదటిరోజు ఆ కాగితాలు చదివి, మళ్ళీ మొదటి నుంచి చదివాను. పిలిచినా పలకకపోవచ్చునని నాకు అంతవరకు తెలియదు.

నెల సగం గడిచేసరికి, నేను భయపడినట్టే, గీత పైకి పోయింది. రెండు రోజులు వరసగా పోయింది. దయామణి సిస్టర్ వచ్చి పెన్సిలు తీసుకుని జేబులో వేసుకుంది. "జ్వరం దిగకపోతే సర్జన్ నిన్ను ముట్టడు. అంతదూరం నుంచి వచ్చి తిరిగి వెళ్ళిపోతాడు. అది కావాలా నీకు?" అంది. సిస్టర్ వెళ్ళాక అలివేలక్క నా వైపు తిరిగి, "నీకు జొరం లేదు గదా. నీ కాడ పెన్సిలుండాది గదా" అంది.

అలా కొన్నాళ్ళు ఆమె మెల్లగా చెబుతుంటే నేను రాశాను. నా చదువంతా అక్కడే జరిగింది. మొదటిరోజే తిట్లు తిన్నాను. ఆ ఆడమనిషి పొగ పొయ్యి ముందు కూర్చుని కళ్ళు తుడుచుకునే చోట నేను నా సొంతంగా ఒక మాట చేర్చాను. సాయంత్రం ఆ కాగితం చూసి అలివేలక్క వేలు పెట్టి అడిగింది.

"ఈ 'పాపం' యాడిది? నేను చెప్పలేదే."

"ఆమెను తలుచుకుంటే జాలేసిందక్కా. నేనే పెట్టినా."

"నీకు జాలేస్తే నీ మంచం మీద పడుకోని జాలిపడు. నా కాగితంలో పెట్టొద్దు. కొట్టెయ్."

కొట్టేశాను. నాకు ఉక్రోషం వచ్చింది. ఆ రాత్రి అన్నం సరిగా తినలేదు. మర్నాడు మళ్ళీ రాసేటప్పుడు చూసుకుంటే, ఆ మాట లేకుండానే ఆ చోట ఇంకా ఎక్కువ జాలేస్తోంది. ఆమె చెప్పిన వాక్యంలో ఉన్నది పొయ్యి, తడి కట్టె, పొగ, అంతే. ఆ తర్వాత నేనెప్పుడు రాసినా, రాసింది చదువుకుంటూ నేను అడగకుండా దూరిన మాటల్ని వెతుక్కుంటూనే ఉన్నాను.

ఆ మధ్యలోనే మునిరత్నం వచ్చాడు. చెల్లెలు రాస్తున్నదని ఎవరో చెప్పినట్టున్నారు. కింద నిలబడి, "ఏమిటికమ్మా ఈ రాతలు? మనింటి మాటలేమీ రాయడంలేదు గదా?" అని అడిగాడు.

"ఎవురింటి మాటలూ కాదన్నా. కట్టుకత" అంది అలివేలక్క.

"సరే, ఒళ్ళు సూసుకో" అని సంచి మెట్టు మీద పెట్టి వెళ్ళిపోయాడు.

జ్వరం దిగింది. పెన్సిలు తిరిగి వచ్చింది. చివరి భాగం ఆమె స్వయంగా రాసుకుంది. ఆపరేషనుకు ముందురోజు సాయంత్రం ఆఖరి కాగితం కింద గీత గీసి, అన్నిటినీ వరసగా పేర్చి, చీర అంచు చించి కట్టింది. చివరి కాగితాలు ఇవ్వమని చెయ్యి చాచాను. ఇవ్వలేదు. "నేను బతికొస్తే అచ్చులో సదువుదువు. రాకపోతే కట్ట నీదే, అప్పుడు సదువుకో" అంది. కట్టను తన రేకు పెట్టెలో పెట్టి, తాళంచెవి నా దిండు కింద పెట్టింది. ఆ సాయంత్రం ఆమె ముఖంలో ఉన్న సంతోషం నేను ఎవరి ముఖంలోనూ చూడలేదు. పిల్లను కన్న తల్లులను చూశాను, చదువు పూర్తయిన పిల్లలను చూశాను. ఇది వేరు.

ఆమె బతికి వచ్చింది. రెండు విడతలుగా కోశారు. ఒక భుజం కిందికి జారిపోయి, నడుస్తుంటే ఒక పక్కకు ఒరిగి నడిచేది. కాని గీత దిగి, దిగినచోటే నిలబడింది. కొన్ని నెలలకు ఇంటికి వెళ్ళవచ్చునన్నారు. వెళ్ళేముందు ఆసుపత్రివాళ్ళు ఆమె సామానంతా మందు పొగ పట్టించి, ఎండలో ఆరబెట్టి, భయం లేదని మునిరత్నానికి చెప్పి మరీ అప్పగించారు. ఆ మాట చెప్పేటప్పుడు నేను అక్కడే ఉన్నాను. ఆయన కండువా అడ్డం పెట్టుకునే తల ఊపాడు. తాళంచెవి ఆమెకు ఇచ్చేశాను. "అచ్చయినాక మొదటి పుస్తకం నీకే పంపిస్తా మే" అని ఆమె వెళ్ళిపోయింది.

పుస్తకం రాలేదు. ఉత్తరాలు వచ్చేవి, రెండు మూడు ముక్కలు రాసి ఉండేవి. వాటిలో నవల మాట ఉండేది కాదు. ఏడాది తర్వాత నాకూ బాగై, చిత్తూరులో బడిలో కుదిరాక, ఒక సెలవురోజు తిరుపతి వెళ్ళాను. మునిరత్నం భార్య నన్ను వీధి వాకిట్లో నిలబెట్టి, ఇంటి పక్క సందు చూపించింది. సందు వెంట వెనక్కి వెళితే గొడ్లచావిడి పక్కన ఒక గది. వాకిట్లో విడిగా ఒక కంచం, ఒక గ్లాసు, ఒక చెంబు బోర్లించి ఉన్నాయి. అలివేలక్క గడప మీద కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. నన్ను చూసి నవ్వింది. కుశలం మాటలయ్యాక నేను ఆగలేక అడిగాను.

"నవల యాడికి పంపినావక్కా?"

చేట పక్కన పెట్టింది. "కాల్చేసినారు మే" అంది.

నాకు అర్థం కాలేదు. మళ్ళీ అడిగాను. వచ్చిన రోజు పెరట్లో తలంటు పోసుకోమన్నారట. ఆమె పోసుకుంటుండగా పెట్టె తాళం పగలగొట్టి, చీరలు, దుప్పట్లు, కాగితాలు అన్నీ దొడ్డి వెనక వేసి అగ్గి పెట్టారట. కాగితాల మీద ఆసుపత్రి పేరు, ఎవరెవరివో జ్వరం గీతలు కనిపించేసరికి వదిన కేకలు పెట్టిందట.

"ఆసుపత్రోళ్ళు భయం లేదని చెప్పినారు గదక్కా. నేనే విన్నా. వెనకపక్క నీ రాతుండాది గదా. మీ అన్న సూడలేదా?"

"సూసినాడు. ఒక కాగితం సదివినాడంట. 'బాగనే రాసినావమ్మా' అన్నాడు నాతో." ఆమె గొంతు మామూలుగానే ఉంది. "పసిబిడ్డలుండే ఇల్లు గదా అన్నాడు. నేనేమంటాను? నాకు బువ్వ పెట్టేది ఆయన. మొగుడే వద్దన్న నన్ను ఈయన ఇంట్లో పెట్టుకున్నాడు."

నేను ఏడ్చాను. ఆమె ఏడవలేదు. మళ్ళీ రాద్దామన్నాను. నువ్వు చెప్పు, నేను ప్రతి సెలవుకూ వచ్చి రాస్తానన్నాను. తల అడ్డంగా ఊపింది.

"అప్పుడు సస్తాననుకోని రాసినా మే. ఎవురికీ భయపడలేదు. ఇప్పుడు బతకల్ల గదా, ఈ గదిలో. ఇప్పుడు రాస్తే ప్రతి మాటకూ వదిన ఏమంటాదో, అన్న ఏమనుకుంటాడో అని సూసుకుంటా. అది నవలయితాదా?"

"పోనీ, కడాకు ఏమైందో అదన్నా చెప్పు. మొగుడు వెతుక్కుంటా వచ్చినాడా? ఆమె ఆయనెంట పోయిందా?"

"చెప్పను. చెప్తే నువ్వు రాస్తావు. నీ మాటలు కలుస్తాయి. నాది కాకుండా పోతాది" అంది. చేట మళ్ళీ ఒళ్ళోకి తీసుకుంది.

ఆ తర్వాత కొన్నేళ్ళే ఉంది. క్షయకు కొత్త మందు కనిపెట్టారని పత్రికల్లో రాస్తున్న రోజుల్లోనే ఆమెకు దగ్గు తిరగబెట్టింది. ఈసారి ఆసుపత్రికి పోనని పట్టుబట్టిందట. ఎవరూ బలవంతం చేయలేదు. పోయిన సంగతి నాకు కర్మాంతరం అయ్యాక తెలిసింది.

తెలిపింది మునిరత్నమే. ఒక మధ్యాహ్నం మా బడి వరండాలోకి వచ్చి నిలబడ్డాడు. ఈసారి మెట్లు ఎక్కే వచ్చాడు, ముఖానికి కండువా లేదు. జుట్టు నెరిసిపోయింది. ఆమె పోయిందని చెప్పాడు. మంచినీళ్ళడిగి, నా చేత్తో ఇస్తే తాగాడు. గ్లాసు కింద పెట్టి కూడా వెళ్ళకుండా కూర్చున్నాడు.

"ఆమె రాసింది నువ్వు సదివినావంట గదమ్మా."

"చదివినా."

"నేను ఒక కాగితమే సదివినా. గుడికాడ ఒక ఆడమనిషి తప్పిపోతాది. పిలస్తా ఉంటే పలకదు. అది శానా దినాలు మనసులో ఉండిపొయ్యింది. అలివేలును అడగల్లంటే నోరు రాలేదు." తల వంచుకుని, "ఆ ఆడమనిషి కడాకు ఏమైందమ్మా?" అని అడిగాడు.

"తెలియదన్నా. కడది నాకు చూపించలేదు."

"పోనీ, నీకు తెలిసినంతవరకు చెప్పు."

నాకు ప్రతి కాగితమూ గుర్తుంది. ఆ ఇంట్లో వంట ఎట్లా నేర్చుకుందో, ఏ యాత్రికులు వచ్చారో, ఎవరితో స్నేహం కుదిరిందో, ఎక్కడ నవ్విందో అన్నీ గుర్తున్నాయి. నేను రాసిన కాగితాలైతే వాక్యాలతో సహా గుర్తున్నాయి. ఆయన కళ్ళలో నీళ్ళున్నాయి. నటన కాదు. ఆ నీళ్ళు నిజమైనవని నాకు తెలుస్తూనే ఉంది.

"గుర్తులేదన్నా. శానా ఏండ్లయింది" అన్నాను.

ఆయన లేచి, కండువా భుజాన వేసుకుని, సాయంత్రం బండికి వెళ్ళిపోయాడు. గంట కొట్టాక నేను క్లాసుకు వెళ్ళాను. పిల్లలకు ఏం చెప్పానో తెలియదు.

ఆయనా పోయి చాలా కాలమైంది. ఈ సంగతి విన్నవాళ్ళు, పోనీలే, మనిషి బతికింది కదా కొన్నేళ్ళు అంటారు. ఆ బతికిన ఏళ్ళను గొడ్లచావిడి పక్కన చూసినదాన్ని కనుక నాకు ఆ మాట నోటికి రాదు. ఆ నవలను మీరు రాయవచ్చు కదా అని కూడా అడుగుతారు. రాయను. ఇక్కడ మీకు చెప్పింది మొదటి కొన్ని కాగితాల సంగతి, ఆ పొయ్యి దగ్గరి ముక్క, అంతే; మునిరత్నానికి తెలిసినదాని కంటే కొంచెమే ఎక్కువ. మిగతాది ఎవరికీ చెప్పలేదు, చెప్పను కూడా. అక్కకిచ్చిన మాట కోసమే ఆ రోజు ఆయనకు చెప్పలేదని, కోపంతో కాదని చాలాకాలం నాకు నేను సర్దిచెప్పుకున్నాను. మాట నేనేమీ ఇవ్వలేదు. అది కోపమే. ఆ కథతో పాటు అదీ నా దగ్గరే ఉంది. ఈ వయసులో కూడా తగ్గలేదు.